తొమ్మిదో భాగం

కార్డులాయన వేలు తడి స్పంజికి అద్దుకుని ఎనిమిదో కార్డు తీశాడు. పాత తేదీని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "జూన్ 6, శుక్రవారం" అని రాశాడు. పైన అద్దుడు కాగితం నొక్కాడు. నోటితో ఊదలేదు. ఊదితే సిరా పాకుతుంది.

ఫిల్ముల నిల్వగదిలో ఆయనది ముప్పై ఆరేళ్ళ కొలువు. బక్కపలచటి మనిషి. మెడ కాలరులో వదులుగా తిరుగుతుంది. కుడి మోచేతి దగ్గర చొక్కాకి రెండు మాసికలు, రెండూ సొంతంగా వేసుకున్నవే. పెళ్ళి ఊసెత్తితే "చూద్దాం" అనేవాడు. చూస్తూ ఉండగానే జుట్టు నెరిసింది. మధ్యాహ్నం మెట్లమీద కూచుని తింటాడు. పక్కన ఎవరో కూచోబోతున్నట్టు ఓ మూలకి ఒదిగి కూచుంటాడు. ఎవరూ కూచోరు.

ఈ పన్నెండు భాగాల మూకీ సీరియల్ కార్డులు ఆయన చేరిన కొత్తలో రాసినవి. రేకు డబ్బాల మూతలమీద ముద్రలుంటే, అవే విడుదల తేదీలనుకున్నాడు. అవి డబ్బాలు ఊళ్ళు తిరిగి వాపసొచ్చిన రోజులు. పోయిన వారం పాత దస్త్రాల అట్టల మధ్య, అసలు తేదీలున్న కరపత్రాలు దొరికితేగాని తెలిసిరాలేదు. ఫిల్ములు ఏనాడో కుళ్ళి జిగురైపోయాయి. మిగిలినవి మూతలూ, ఈయన తప్పూ. ఇవాళ నాలుగింటికి కార్డులు అచ్చుకి పోతాయి. అచ్చులో పడ్డాక ఇక దిద్దేవాడుండడు.

అధికారిణి గుమ్మంలోంచి తొంగి చూసింది.

"సినిమాలే లేవు కదా బాబాయ్! లేనివాటికి పుట్టినరోజులు చేస్తున్నారా?"

"తప్పు రాసింది నేనేనమ్మా."

"ఇంకా ఎన్ని?"

"ఒకటి."

మిగతా పదకొండు కార్డులూ దిద్దడం అయిపోయింది. తొమ్మిదో భాగం కరపత్రం ఒక్కటే దొరకలేదు. భాగాలు వారానికొకటి వచ్చాయి. ఎనిమిదోది జూన్ 6, పదోది 27. మధ్యలో ఒక శుక్రవారం ఎక్కువైంది. తొమ్మిదోది 13న వచ్చిందా, 20న వచ్చిందా? ఏదో ఒకటి వేసేస్తే అడిగేవాళ్ళు లేరు. అలా వేసేసే కదా ఇంతవరకూ వచ్చింది.

మొదటి ఆటలన్నీ ఒకే హాల్లో పడేవి. ఆ హాల్లో తెర పక్కన పియానో వాయించింది వాళ్ళమ్మే. అమ్మ పోయేనాటికి ఈయన చంటివాడు. అక్కకి పదేళ్ళు. అమ్మ పోయిన తేదీ ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు.

వరండాలోకి వెళ్ళి ఫోను తిప్పాడు.

"బతికే ఉన్నావుట్రా చిన్నోడా?"

"ఉన్నానక్కా. అమ్మ వాయించిన సీరియల్ తొమ్మిదో భాగం ఎప్పుడేశారో గుర్తుందా?"

"మూణ్ణెల్లకి ఫోను చేసి అడిగేది ఇదా! తిన్నావా అని కూడా అనవు."

"తిన్నావా?"

"తిన్నాలే." అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "ఎనిమిదోదానికి అమ్మే వాయించింది, దగ్గుకుంటూనే. ఆ వచ్చే బుధవారం పోయింది. ఆ శుక్రవారం హాలాయన తలుపులు తీయలేదు. పైవారం తొమ్మిదోది వేశాడు. కొత్తావిడ వాయించింది. నిన్ను చంకనేసుకుని వెళ్ళాను. సగంలోనే లేచొచ్చేశాను."

"నేనేడ్చానా?"

"నువ్వు హాయిగా నిద్రపోయావు. ఏడ్చింది నేను."

ఫోను పెట్టేశాక కూడా చెయ్యి దానిమీదే ఉండిపోయింది. తిరిగొచ్చి కూచుని "జూన్ 20, శుక్రవారం" అని రాశాడు. అద్దాడు. పన్నెండు కార్డులూ వరసగా పేర్చి దారం కట్టాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

నాలుగింటికి అధికారిణి వచ్చింది. "బాబాయ్, అయ్యాయా?" అంది. ఆయన గడ్డం గుండెమీదికి వాలి ఉంది. "బాబాయ్" అని ఇంకోసారి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసుకుంది.

మర్నాడు, ఆయన లేకుండానే, కార్డులు అచ్చుకి వెళ్ళాయి. బల్లమీద అద్దుడు కాగితం ఉండిపోయింది. దానినిండా ఎర్రటి తేదీలు తిరగబడి ఉన్నాయి. ఓ మూల మాత్రం ఒకటి తిన్నగా రాసి ఉంది: జూన్ 11, బుధవారం.