వంటింటికి లోపలి గడియ

పొద్దున తినేది టిఫిను, మధ్యాహ్నం తినేది భోజనం. ఈ రెండింటి మధ్యా తినేదాన్ని బ్రంచ్ అంటారనీ, ఈసారి సెలవుకి అందరూ తమ ఇంటికే రావాలనీ చెల్లెలు ఫోన్లో చెప్పగానే బాబాయి అడిగిన మొదటి మాట, "అంటే ఆ రెండూ మానేసి రావాలా, లేక ఆ రెండింటికీ ఇది అదనమా తల్లీ?" అని. అదనమే అనుకోమంది చెల్లెలు. "అయితే వీలు చూసుకుని వస్తాలే" అన్నాడు బాబాయి, ఏదో బోలెడు పనులున్నవాడిలా.

తరవాత ఫోను అక్కకి చెయ్యాలి. అది చేసే ముందు చెల్లెలు ఒక కప్పు చిక్కటి కాఫీ తాగింది.

ఎందుకంటే ఊరంతా మూతపడే ఆ ఒక్క సెలవు రోజున ఈ కుటుంబం తినేది అక్క ఇంట్లోనే. ఎవరో శాసనం చెక్కించినట్టు ఇన్నేళ్లూ అలాగే జరిగిపోతోంది. అమ్మ మంచం పట్టిన ఏడాది గరిట చేతిలోకి తీసుకున్న అక్క మళ్లీ దాన్ని కింద పెట్టలేదు. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. వార్డులో రోగులూ డాక్టర్లూ ఎలా నోరు మూసుకుని పడుంటారో, ఇంట్లో గిన్నెలూ అలాగే పడుంటాయి. వండుతుంది, వడ్డిస్తుంది, అందరూ లేచాక పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలో మిగిలింది గిన్నెలోనే తినేస్తుంది. ఆవిడ వంటకి వంక పెట్టినవాడు లేడు. ఆవిడ వంక పెట్టని వస్తువూ లేదు.

ఏది చూపించినా అక్క ముందు "బాగుంది" అంటుంది. ఒక్క క్షణం ఆగుతుంది. తరవాత "కానీ" అంటుంది. చిన్నప్పుడు చెల్లెలు ఏనుగు బొమ్మ వేస్తే "బాగుంది, కానీ పాపం దీనికి ఎవరూ అన్నం పెట్టట్లేదే" అంది. చెల్లెలు డ్రైవింగ్ నేర్పే ఉద్యోగంలో చేరితే "బాగుంది, కానీ ముందు నువ్వు నేర్చుకుంటే ఇంకా బాగుంటుంది" అంది. చివరికి పెళ్లిలో, పెళ్లికొడుకు పక్కనే కూర్చుని వింటుండగా, "అబ్బాయి బాగున్నాడు, కానీ ఇంకో రెండంగుళాలు ఉండాల్సింది" అంది. ఆ అబ్బాయి వడ్రంగి. అంగుళాల దగ్గర అతనికి మహా పట్టింపు. ఇప్పటికీ వదిన వస్తోందంటే నిటారుగా నిలబడతాడు.

చెల్లెలికి కావలసింది ఒక్కటే. బతుకులో ఒక్కసారి, వెనక "కానీ" లేని "బాగుంది". ఊళ్లో ఎంతమందికో స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి. శిష్యుడు లారీకి ఎదురెళ్తున్నా చెక్కుచెదరకుండా తన వైపున్న బ్రేకు తొక్కే మనిషి. అంత మనిషీ అక్క ముందు నిలబడితే మళ్లీ ఆ ఏనుగు బొమ్మ పట్టుకున్న పిల్లే అయిపోయేది. తలుచుకుంటే తనకే సిగ్గేసేది. సిగ్గేసినా సరే, అది కావాలి.

"బ్రంచా? బాగుంది. కానీ వంటెవరు చేస్తారు?" అంది అక్క ఫోన్లో.

చెల్లెలి కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. కార్లోంచి దిగాక కూడా ఆ కాలికి ఉద్యోగం గుర్తుంటుంది.

"నేనే."

"పోనీలే, నేను పొద్దున్నే వచ్చేస్తాను."

"వద్దక్కా. ఈసారి నువ్వు చుట్టానివి. వస్తావు, కూర్చుంటావు, తింటావు."

"కూర్చుని ఏం చెయ్యాలే?"

"అందరూ ఏం చేస్తారో అదే."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. అదేదో అలక అనుకుని చెల్లెలు సంతోషపడింది.

ఆ వారమంతా ఇంట్లో గుడ్డట్టే. మామూలు గుడ్డట్టు కాదు. గుడ్లు గిలకొట్టి, ఉడికిన బంగాళాదుంప ముక్కలూ, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలూ, తురిమిన చీజూ కలిపి, ఓవెన్లో పెట్టి పొంగించే మందపాటి అట్టు. మొదటిరోజు అడుగు మాడింది. రెండోరోజు పైన మాడింది. ఆ తరవాత రోజు రెండూ మాడలేదు కానీ మధ్యలో చెరువు మిగిలింది. అన్నీ తిన్నది మొగుడే. "నేను వడ్రంగిని, గుడ్ల గిడ్డంగిని కాదు" అని మొత్తుకున్నాడు. శనివారానికి అట్టు కుదిరింది. అప్పుడు చెల్లెలు అతనికి అసలు పని చెప్పింది.

"వంటింటి తలుపుకి లోపలి నుంచి గడియ కావాలి."

"లోకంలో ఎక్కడైనా వంటింటికి లోపల గడియ ఉంటుందా?"

"మా అక్క వచ్చేచోట ఉంటుంది."

ఎవరి ఇంట్లోనో పాత బాత్రూం తలుపు నుంచి ఊడదీసిన ఇత్తడి గడియ ఒకటి షెడ్డులో పడి ఉంది. తళతళా తోమి బిగించాడు. పైన పటారం, లోన లొటారం అంటారే, అలాంటి సరుకు. లాగితే సగం దాకా వచ్చి మొరాయించేది. "కొత్తలో కాస్త బిగువు. పోనుపోను అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఆ మాట తన గురించి కూడా పెళ్లిలో ఎవరో చెప్పారని చెల్లెలికి గుర్తొచ్చింది. అయినా పట్టుదల కొద్దీ అటూ ఇటూ లాగి లాగి, తలుపు మూస్తే గడియ వెయ్యడం చేతికి అలవాటు చేసుకుంది.

సెలవు రోజు అందరికన్నా ముందు దిగింది అక్కే. వెనక బావ, చేతిలో పేపరుతో. అక్క చేతిసంచిలో సొంత కత్తీ, సొంత ఏప్రనూ ఉన్నాయి. వడ్రంగి గుమ్మంలోనే నిటారుగా నిలబడి, "సంచి ఇలా ఇవ్వండి వదినా, లోపల పెడతాను" అని లాక్కుని బీరువాలో పెట్టేశాడు. అక్కని సోఫాలో కూర్చోబెట్టారు. తరవాత తమ్ముడూ మరదలూ వచ్చారు. బాబాయి వచ్చాడు, పొద్దున్న టిఫిను తినేసి మరీ.

చెల్లెలు వంటింట్లో గడియ వేసుకుని, ఓవెన్ ముందు నిలబడి, తలుపుకి చెవి ఆనించింది. హాల్లో మొదట నవ్వులు. తరవాత అక్క గొంతు.

"బాబాయ్, విరేచనం సాఫీగా అవుతోందా?"

నవ్వులు ఆగిపోయాయి. బాబాయి నోట్లో బిస్కెట్టు ఉందని మాట తీరుని బట్టి తెలుస్తోంది. "అవుతోందమ్మా" అన్నాడు చిన్నబోయి.

కాసేపటికి మరదలి గొంతు, "వదినా, నాకు జ్వరమేం లేదండీ, చెయ్యి వదలండి" అంది. ఇంకాసేపటికి తమ్ముడు సినిమా సంగతేదో ఎత్తుకుంటే, మధ్యలో అక్క, "నువ్వు నిద్ర సరిగ్గా పోవట్లేదు, కళ్లకింద చూడు" అంది. ఆపైన ఎవరూ ఏ సంగతీ ఎత్తుకోలేదు. బావ పేపరు తిప్పుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

చెల్లెలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అక్క పరిస్థితి. ఇన్నేళ్లకి! అనుకుంది. నవ్వి నవ్వి, కాఫీ ట్రే అందించడానికి తలుపు కొంచెం తెరిచింది. మొగుడు ట్రే అందుకున్నాడు. ఆ ట్రే కింద నుంచి, అంత వయసులో, అంత ఒళ్లేసుకుని, అక్క వంగి లోపలికి దూరేసింది.

చెల్లెలి కాలు బ్రేకు తొక్కింది, చెయ్యి తలుపు మూసి గడియ వేసింది. రెండూ అలవాటు కొద్దీ జరిగిపోయాయి. దొంగని లోపల పెట్టి తాళం వేసినట్టయింది.

"బయటికి పో అక్కా."

"పోతాలే, ఆ ఉల్లిపాయ ఒక్కటి తరిగేసి పోతా."

"తరగడానికేం లేదు. పో!" అని చెల్లెలు గడియ లాగింది. అది సగం దాకా వచ్చి ఆగింది. మళ్లీ లాగింది. అక్క లాగింది. ఇద్దరూ కలిసి లాగారు. గడియ కదల్లేదు.

అవతల నుంచి వడ్రంగి సుత్తితో కొట్టాడు, స్క్రూడ్రైవరు దూర్చాడు, చివరికి తలుపు పగలగొడతానన్నాడు. మంచి చెక్కని చేతులారా పగలగొట్టడం అతని వల్ల కాదని చెల్లెలికి తెలుసు. ఓవెన్లోంచి అట్టు వాసన తలుపు సందుల్లోంచి హాల్లోకి వెళ్తోంది. "అమ్మాయీ, ఆకలి రుచెరగదంటారు. కాలినా కాలకపోయినా పంపించెయ్యి" అని బాబాయి అరిచాడు.

"మరిదీ! తలుపు కింద సందెంతుంది?" అంది అక్క.

"వేలు దూరుతుంది వదినా."

"తలుపు బాగా చేశావు, కానీ కింద అంత సందా?"

"ఇవాళ అదే పనికొచ్చేలా ఉంది కదా వదినా" అన్నాడు అతను, మొదటిసారి నిటారుగా నిలబడకుండా, నేల మీద బోర్లా పడుకుని.

మందపాటి అట్టు ఆ సందులో పట్టదు. బ్రెడ్డు పడుతుంది. చెల్లెలు పెనం మీద బ్రెడ్డు ముక్కలు కాల్చింది. చెయ్యి ఊరుకోని అక్కకి ఇక చేసేది లేక వెన్న గిన్నె అప్పగించింది. అక్క వెన్న రాసిన ముక్కల్ని చెల్లెలు శుభ్రమైన కాగితాల్లో మడిచి, ఒక్కొక్కటీ తలుపు కిందకి తోసింది. అవతల బాబాయి మోకాళ్ల మీద కూర్చుని అందుకున్నాడు. "జైల్లో కూడా ఇంతకన్నా మర్యాదగా పెడతారు" అన్నాడు, ఇంకోటి అందుకుంటూ.

హాలు సద్దుమణిగాక చెల్లెలు పళ్లు కొరుకుతూ అంది. "ఒక్కరోజు కూర్చోలేకపోయావా? నేను చేసింది తినడానికి అంత కష్టమా నీకు?"

అక్క వెన్న గిన్నె కింద పెట్టలేదు. "తినడం కాదే. అక్కడ కూర్చుని ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

"అదేంటి?"

"మంచం మీద పడుకున్నవాళ్లతో మాట్లాడగలను. సోఫాలో కూర్చున్నవాళ్లతో ఎలా మాట్లాడతారే? చేతులు ఎక్కడ పెట్టుకుంటారు? వంటింట్లో అయితే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది." గిన్నె అంచుకి అంటిన వెన్న గీరుతూ, "మీరందరూ హాల్లో నవ్వుతుంటే ఇన్నేళ్లూ పొయ్యి దగ్గర నుంచే విన్నాను. వెళ్దామని ఉండేది. వెళ్లి ఏం చెయ్యను?" అంది.

చెల్లెలికి కోపం ఎటు పోయిందో తెలీలేదు. ఇందాక తలుపుకి చెవి ఆనించి తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. అక్క మీద జాలేసింది. అక్క మీద జాలి వెయ్యడం కొత్త. ఏం చెయ్యాలో తెలియక ఓవెన్ తెరిచింది.

అట్టు బంగారం రంగులో పొంగింది. అడుగు మాడలేదు, మధ్యలో చెరువు లేదు. పెద్ద ముక్క కోసి, ప్లేటులో పెట్టి, గిన్నెలు అందుకునే చిన్న స్టూలు లాగి, "కూర్చో" అంది.

"నిలబడే తింటాలేవే."

"ఇక్కడ ఎవరూ చూడరు. కూర్చో."

అక్క కూర్చుంది. చెల్లెలు అటు తిరిగి, వెన్న అంటిన చేతులతో ఊరికే గడియ పట్టుకుని ఆడించింది. గడియ సర్రున జారి వచ్చేసింది. ఒక్క తోపు తోస్తే తలుపు తెరుచుకుంటుంది.

చెప్పడానికి వెనక్కి తిరిగింది. అక్క ఒళ్లో ప్లేటు పెట్టుకుని, కాళ్లు చాపుకుని, అట్టు తుంచుకుని తింటోంది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు ఆవిడని కూర్చుని తింటుండగా చూడలేదు.

"వచ్చిందా?" అన్నాడు వడ్రంగి అవతల నుంచి.

చెల్లెలు గడియని చప్పుడు కాకుండా మళ్లీ వేసింది. "రాలేదండీ. ఇంకాస్త టైము పట్టేలా ఉంది."

అక్క తలెత్తి గడియ వంక చూసింది, చెల్లెలి వెన్న చేతుల వంక చూసింది. ఎవడు మాత్ర మింగాడో, ఎవడు దిండు కింద దాచాడో ఇట్టే పట్టేసే కళ్లవి. ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"బాగుందే" అంది.

చెల్లెలి కాలు నేలని గట్టిగా తొక్కి పట్టుకుంది. అక్క నమిలింది, మింగింది, ఇంకో ముక్క తుంచుకుంది.

"బాగుంటే బాగుంది, కానీ మా సంగతేంటమ్మా?" అన్నాడు బాబాయి తలుపు అవతల నుంచి.

"కాసేపు నువ్వుండు బాబాయ్!" అన్నారు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే.