రజిత చెవితో రాసిన ఫైల్

నేను ఒక ఫైల్‌ను. అట్టలూ దారాలూ ఉండే ఆఫీసు ఫైల్‌ను కాదు. కంప్యూటర్‌లో కొన్ని పేజీల అక్షరాలు, కొన్ని అంకెలు, బోలెడన్ని బ్రాకెట్లు, అంతే నా ఒళ్ళు. కానీ నా పని చిన్నది కాదు. నేను కంప్యూటర్లను పుట్టిస్తాను.

క్లౌడ్ అనే మాట వినగానే పైకి చూడకండి. ఎక్కడో దూరపు ఊళ్ళో, చల్లటి హాళ్ళలో బారులు తీరిన పెద్ద పెద్ద యంత్రాలే అవి. వాటిలోంచి మనకు కావలసినంత భాగాన్ని అద్దెకు తీసుకుని, దాన్నే ఒక కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. ఏ ఊళ్ళో కావాలి, ఎంత పెద్దది కావాలి, లోపల ఏమేం ఉండాలి, బయటి ఫోన్లు లోపలికి వచ్చే తలుపుల్లో ఏది తెరిచి ఏది మూయాలి అన్నది ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పే రాతనే నేను. నన్ను చదువుకుని, రాసింది రాసినట్టు చేసిపెట్టే ఒక ప్రోగ్రాం నా వెంట ఉంటుంది.

నేను పుట్టింది హన్మకొండలో, ఒక డాబా మీది రెండు గదుల ఆఫీసులో. చూపులేని విద్యార్థుల కోసం విద్యాసాగర్ అనే లెక్చరర్ పెట్టిన వినే గ్రంథాలయం అది. దయగలవాళ్ళు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేవారు. ఆదిలాబాద్ నుంచి నారాయణపేట దాకా పిల్లలు ఫోన్లలో విని చదువుకునేవారు. ఆ పుస్తకాలన్నీ ఉండే క్లౌడ్ కంప్యూటర్లను చూసుకునేది ఖలీల్. చురుకైనవాడు, మంచివాడు. కంపెనీ పేజీ తెరిచి, బటన్లు నొక్కి, చకచకా కంప్యూటర్లను లేపేవాడు. ఎలా లేపావని అడిగితే తల మీద వేలు పెట్టి "అంతా ఈడున్నది" అనేవాడు. తీరా పాడైనప్పుడు మాత్రం ఆ తలలో ఏ బటన్ ముందో ఏది వెనకో కలగాపులగమైపోయేది. ఒక కంప్యూటర్ ఉన్నట్టు ఇంకొకటి ఉండేది కాదు. ఒకే తల్లి పిల్లలు కదా, ఇంత తేడా ఏమిటని విద్యాసాగర్ సార్ నవ్వేవారు.

రజిత ఆ ఆఫీసుకు వచ్చింది రికార్డింగుల్లో తప్పులు విని పట్టుకోవడానికి. పుట్టుకతోనే ఆమెకు చూపు లేదు. ఇంజనీరింగ్ చదువుకుంది, ఉద్యోగాల కోసం హైదరాబాద్ అంతా తిరిగింది, అందరూ మెచ్చుకుని టీ ఇచ్చి పంపారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు ఒకటి ఆమె కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని ఆమె ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, పక్కవాళ్ళకు తేనెటీగల మోతలా ఉంటుంది. ఆమెకు మాత్రం అక్షరం పొల్లు పోదు.

తనకూ క్లౌడ్ పని నేర్పమని ఆమె ఖలీల్‌ను అడిగింది. అతను సంతోషంగా కంపెనీ పేజీ తెరిచిపెట్టాడు. గొంతు చదివింది: బటన్. బటన్. బటన్. దేనికి ఏ పేరో ఆ పేజీ చేసినవాళ్ళు చెప్పలేదు. అది చూడగలిగేవాళ్ళ కోసం చేసిన పేజీ. తాను చదివి చెబుతానన్నాడు ఖలీల్. కొన్నాళ్ళు అలాగే సాగింది. అతను చూసేవాడు, ఆమె చెప్పేది, అతను నొక్కేవాడు. ఒక రోజు రజిత కుర్చీ వెనక్కు జరిపి, "ఖలీల్ భాయ్, ఇట్లయితే పని నీదే అయితది, నేను పక్కన కూసున్నట్టే ఉంటది. ఇదంతా రాతల పెడితే నేనొక్కదాన్నే చేస్త" అంది.

నాలుగు కంప్యూటర్లకు అంత తతంగమెందుకని అతను అనుమానపడ్డాడు. అయినా నేర్చుకోవడానికి కావలసిన పాఠాలు వెతికి తెచ్చింది అతనే. అలా నా మొదటి వాక్యం పడింది. ఇలాంటి రాతల్లో కొన్ని రకాలు ఖాళీ జాగాల మీద ఆధారపడతాయి, ఏది దేని లోపలిదో ఎంత జరిపి రాశామన్నదే చెబుతుంది. ఖాళీ జాగా చెవికి వినిపించదు కదా. అందుకని రజిత బ్రాకెట్లు ఉండే రకాన్ని ఎంచుకుంది. ఊరి పేరు రాసింది, కంప్యూటర్‌కు జ్ఞాపకశక్తి ఎంత ఉండాలో రాసింది. మధ్యమధ్య యంత్రానికి అక్కరలేని, మనుషుల కోసం పెట్టుకునే మాటలు తెలుగులో రాసింది. "ఈ తలుపు మూయొద్దు, పిల్లలు వచ్చేది ఇక్కడినుంచే" అనేది వాటిలో ఒకటి. నా ఒంట్లో నాకు బాగా నచ్చిన చోటు అదే.

మొదటిసారి నేను పనిచేయలేదు. ఒక పేరులో అక్షరం తప్పింది. రెండోసారి ఇంకేదో. మనుషులు ఒకరితో ఒకరు "అటుపక్కన చూసి పెట్టు" అన్నా పని జరిగిపోతుంది. నాతో అలా కుదరదు. ఆమె విసుక్కోలేదు, వినడం మానలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, ఎక్కడో దూరపు ఊళ్ళో ఒక కంప్యూటర్ లేచి కూర్చుంది. పని పూర్తయిందని గొంతు చెప్పగానే రజిత దాన్ని నెమ్మది చేసి ఆ మాట మళ్ళీ వింది. ఖలీల్ బల్ల చరిచాడు. కొన్ని వారాల్లో ఆ గ్రంథాలయం కంప్యూటర్లన్నీ నా మాట మీదే నడవసాగాయి. పుస్తకాలకు ఇంకో ఊళ్ళో నకలు ఉంచాలని రజిత పట్టుబడితే సార్ సరేనన్నారు. ఆదివారం ఆదివారం ఆ నకలు తయారయ్యేది.

టీచర్ ఉద్యోగాల పరీక్షలు దగ్గరపడ్డాయి. గ్రంథాలయం కోసం అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివి రికార్డు చేసినావిడ కళావతి టీచర్, రిటైరైన తెలుగు పండితురాలు. ఆమెకు గొంతులో గడ్డ ఏర్పడింది. ఆపరేషన్ తర్వాత చాలాకాలం మాట్లాడకూడదనీ, గొంతు మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేమనీ డాక్టరు అన్నారట. ఆవిడ భయపడిందో లేదో నాకు తెలియదు. ఆపరేషన్‌కు ముందు వారమంతా ఆఫీసుకు వచ్చి, మధ్యలో గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ, పరీక్షకు కావలసిన మనస్తత్వశాస్త్రం పుస్తకం మొత్తం చదివేసింది. శుక్రవారం ఆస్పత్రిలో చేరింది.

శనివారం పొద్దున మా కంప్యూటర్లు ఆగిపోయాయి.

మా తప్పేమీ లేదు. అవి ఉన్న ఊళ్ళో ఆ కంపెనీ యంత్రాలే మూగబోయాయి. చూస్తున్నామని కంపెనీ ఒక ముక్క రాసి ఊరుకుంది. పిల్లల ఫోన్లు మొదలయ్యాయి. సగం పాఠంలో ఆగిపోయిందని ఒకరు, సోమవారమే పరీక్ష అని ఒకరు. సార్ ఫోన్ చెవి దగ్గర్నుంచి దించకుండా అందరికీ ధైర్యం చెబుతున్నారు. ఖలీల్ జగిత్యాలలో చిన్నాన్న కూతురి పెళ్ళిలో ఉన్నాడు. షామియానా బయటికి వచ్చి ఫోన్‌లో ప్రయత్నించాడు. అతను బటన్లు నొక్కే ఆ పేజీయే తెరుచుకోలేదు.

రజిత నన్ను తెరిచింది. నాకు ఆ పేజీతో పని లేదు, నా ప్రోగ్రాం కంపెనీ యంత్రాలతో నేరుగా మాట్లాడుతుంది. నాలో ఊరి పేరు ఉన్న చోటికి వెళ్ళి దాన్ని తీసి, నకలు ఉన్న ఊరి పేరు పెట్టింది. నా వెంట ఉండే ప్రోగ్రాంకు ఒక మంచి అలవాటు ఉంది. చేయబోయే పనిని ముందే చెప్పి, సరేనా అని అడుగుతుంది. చెప్పింది. కొత్త ఊళ్ళో కంప్యూటర్లు పుట్టిస్తాను, పాత ఊళ్ళోవి తీసేస్తాను.

రజిత వేళ్ళు ఆగాయి. గొంతును నెమ్మది చేసి మళ్ళీ వింది. తీసేస్తాను.

పాత కంప్యూటర్లలో కళావతి టీచర్ చదివిన పుస్తకం ఉంది. ఆదివారం ఇంకా రాలేదు. దాని నకలు ఎక్కడా లేదు.

సార్ అలసిపోయి ఉన్నారు. పనిచేయని వాటిని పట్టుకుని ఏం లాభం, సరే కొట్టెయ్, ముందు పిల్లల సంగతి చూడు అన్నారు. ఆయన మాటా తప్పు కాదు, ఫోన్ మోగుతూనే ఉంది.

"సార్, అవి చచ్చిపోలే. మాట్లాడుతలేవు, అంతే," అంది రజిత. "టీచరమ్మ గొంతు అండ్ల ఉన్నది. అది మళ్ళ తేలేం."

సార్ ఫోన్ బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. రజిత ఖలీల్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది. వెనక పెళ్ళి బ్యాండు మోగుతోంది. అతను ఒక్క నిమిషం ఆలోచించాడు.

"దాన్ని ముట్టకు రజితా. ఎట్లున్నదో అట్లనే ఉండనీ. నీ ఫైల్‌కు నకలు తీసి దానికి వేరే పేరు పెట్టు. కొత్త ఊరు అండ్ల రాయి. ఇది పాతదాని జోలికి పోదు."

అలా ఆ రోజు నాకొక తోబుట్టువు పుట్టింది. రజిత నాలో పాత ఊరి పేరే మళ్ళీ రాసి నన్ను మూసింది. నా తోబుట్టువును తెరిచి, ప్రోగ్రాం చెప్పేది మొదటి నుంచి చివరి దాకా మామూలు మనిషి మాట్లాడే వేగంలో వింది. పుట్టించడం ఉంది, తీసేయడం లేదు. సరే అంది. కొత్త ఊళ్ళో కంప్యూటర్లు ఒకటొకటే లేచాయి. నకలులోని పుస్తకాలు వాటిలోకి చేరాయి. కాసేపటికి ఆసిఫాబాద్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి పాఠం ఆగిన చోటి నుంచే మళ్ళీ వస్తోందని చెప్పింది. సార్ ఆమెకు బాగా చదువుకొమ్మని చెప్పి, ఫోన్ పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మనస్తత్వశాస్త్రం ఒక్కటే రాలేదు. దానికోసం ఆ రోజంతా ఎదురుచూశారు. ఆదివారం మధ్యాహ్నం పాత ఊరు తేరుకుంది. కంప్యూటర్లు కదిలాయి. రజిత ఆ పుస్తకం తెరిచి మొదటి పాఠం పెట్టింది. గోరువెచ్చటి నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత కళావతి టీచర్ గొంతు. రజిత బల్ల మీద తల వాల్చి ఆ పాఠమంతా వింది. తప్పులు వెతకడానికి కాదు. జగిత్యాల నుంచి తిరిగొచ్చిన ఖలీల్, చెల్లెలి పెళ్ళి విందులోంచి తెచ్చిన డబల్ కా మీఠా డబ్బా ఆమె పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళాడు.

తర్వాత గ్రంథాలయం పెరిగింది. నా ఒక్కదానితో పని జరగక, నాలోంచి విడదీసి ఎన్నో చిన్న ఫైళ్ళు రాశారు. నన్ను పాతవాటి మధ్య పెట్టారు. నాకేమీ బాధ కలగలేదు. నేను లేపిన కంప్యూటర్లనే ఎప్పుడో తీసేశారు, ఇక నాదేముంది.

అయితే ఈ పని ఎలా చేస్తావని రజితను అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. అందరూ చూపులేనివాళ్ళే. యంత్రం గొంతు వేగానికి వాళ్ళ చెవులింకా అలవాటు పడలేదు. మనిషి నెమ్మదిగా చదివి వినిపిస్తే అర్థమవుతుందని సార్ అన్నారు. ఆపరేషన్ తర్వాత మళ్ళీ చదవవచ్చని డాక్టరు చెప్పిన నెలలోనే కళావతి టీచర్ వచ్చి మైకు ముందు కూర్చుంది. గొంతు కొంచెం బొంగురు పోయింది. ఆమె ముందు పెట్టిన కాగితాల మీద ఉన్నది నేనే.

"ఇదేం భాష బిడ్డా, వ్యాకరణమే లేదు" అంది ఆవిడ.

"ఉన్నది టీచరమ్మా. గీత గీసినట్టు ఉంటది. సదువుతాంటె తెలుస్తది," అంది రజిత.

ఆవిడ నన్ను మొత్తం చదివింది, పద్యం చదివినంత శ్రద్ధగా, ప్రతి చుక్కా, ప్రతి గుర్తూ పేరు పెట్టి పలుకుతూ. పిల్లలు వచ్చేది ఇక్కడినుంచే అన్న చోట ఒక్క క్షణం ఆగి, రజిత వైపు చూసి, మళ్ళీ సాగింది. ఇప్పుడు నేను ఆ గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని.

మొన్న నారాయణపేట నుంచి ఒక వినతి వచ్చింది. పంపింది డిగ్రీ చదువుతున్న ఒక చూపులేని అమ్మాయి. నా రికార్డింగు మూడో పాఠంలో కళావతి టీచర్‌గారు తెరిచిన ఒక బ్రాకెట్టును మూయకుండా ముందుకు వెళ్ళిపోయారనీ, అలాగే ఉంటే ఫైల్ నడవదనీ, దయచేసి సరిచేయమనీ కోరింది. రజిత ఆ పాఠం పెట్టి వింది. నిజమే. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ కలిపి, ఎవరు నేర్పారమ్మా నీకు అని అడిగింది.

"ఎవరు నేర్పలే అక్కా. వింటాంటె వచ్చింది."