ఇరాన్ ఏసమ్మ, ఇరాక్ విమల

కాజీపేట రైల్వే క్వార్టర్లలోకి యుద్ధం వచ్చింది ఒక శుక్రవారం మధ్యాహ్నం, చర్చి స్త్రీల సమాజం ప్రార్థన కూటంలో. అంతకు ఏడాది ముందునుంచే అది ఎక్కడో ఎడారుల్లో నడుస్తోంది. దాన్ని కాజీపేట దాకా రప్పించిన ఘనత మాత్రం పాస్టరు జ్ఞానప్రకాశంగారిదే. ఆయన మంచివాడు. మంచివాళ్ళకు తోచే ఆలోచనలతో పెద్ద చిక్కు ఏమిటంటే, వాటిని ఎవరూ కాదనలేరు.

ఆయన బాధ ఒక్కటే. శుక్రవారం శుక్రవారం ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు చేరి దేవుడికి విన్నవించుకునే సంగతులు ఏమిటయ్యా అంటే, మోకాళ్ళ నొప్పులు, పాలివ్వని బర్రె, కొడుక్కి లోకోషెడ్డులో ఉద్యోగం, కోడలి నోరు.

"అమ్మా, లోకమంతా మండిపోతాంది. పిల్లలు ఆకలికి సస్తాండ్లు, ఊర్ల మీద బాంబులు పడుతానయి. మీ ప్రార్థన మాత్రం కాజీపేట స్టేషన్ దాటుతలేదు," అని ఆయన ఆ రోజు కాస్త గట్టిగానే మందలించాడు.

తర్వాత కానుకల సంచి తెప్పించాడు. అందులో ఇరవై మూడు చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో దేశం పేరు. ఎవరికి ఏ దేశం వస్తే ఏడాదిపాటు ఆ దేశం పూచీ వాళ్ళది. దాని కష్టాలు తెలుసుకోవాలి, పొద్దున మాపున దానికోసం మోకరించాలి, నెలకోసారి కూటంలో నిలబడి దాని క్షేమసమాచారం చెప్పి ప్రార్థన చేయాలి.

ఏసమ్మకు ఇరాన్ వచ్చింది. పక్క క్వార్టరు విమలకు ఇరాక్ వచ్చింది. మార్తమ్మకు స్విట్జర్లాండ్ వచ్చింది. ఆ దేశంలో చెప్పుకోదగ్గ కష్టమేదీ లేదని పాస్టరుగారు చెప్పగానే, పాపం, మార్తమ్మ ముఖం మాడిపోయింది.

ఏసమ్మ లోకోషెడ్డు ఫిట్టరు ఏలియా భార్య. గుండె పెద్దది, గొంతు ఇంకా పెద్దది. విమల గూడ్సు బండి గార్డు యోబు భార్య, ఏసమ్మకన్నా పదేళ్ళు చిన్నది. రెండు క్వార్టర్లకూ నడుమ గోడ ఒక్కటే. పద్దెనిమిదేళ్ళుగా పెరట్లో ఆ గోడమీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ ప్రయాణం చేస్తున్నాయి. ఏసమ్మకు తోడబుట్టినవాళ్ళు లేరు. గోడవతల నుంచి విమల "అక్కా" అని కేకేస్తేనే ఆమెకు తెల్లవారినట్టు.

మొదట ఇద్దరూ తెగ సంబరపడ్డారు. పాస్టరుగారి గోడమీది పటంలో రెండు దేశాలూ అంటుకుని ఉన్నాయి.

"సూసినవా అక్కా, మన దేశాలు సుత పక్కపక్కనే. మన క్వార్టర్ల లెక్కనే," అంది విమల.

"ప్రభువు ఊకెనే ఇయ్యలే చెల్లె, సోపతి సూసే ఇచ్చిండు," అంది ఏసమ్మ.

ఆ రెండు దేశాలూ ఒకదాన్నొకటి కాల్చుకు తింటున్నాయని ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన యోబు చెప్పేదాకా ఇద్దరికీ తెలియదు.

ఏసమ్మ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. నెల తిరిగేసరికి ఇరాన్ ఆమెకు పుట్టిల్లయి కూర్చుంది. "మా దగ్గర ఈ నెల చలి ఎక్కువట," అని ఏలియాతో అంటుంది. ఏలియా ఉక్కపోతకు విసనకర్ర ఊపుకుంటూ, "మన దగ్గరనా?" అంటాడు. "ఇరాన్ల!" అని ఆమె కసురుతుంది. అటు విమల కూడా తక్కువ తినలేదు. ఖర్జూరప్పళ్ళవాడు వీధిలోకి వస్తే, ఇవి మా దేశానివేనా అని అడిగి మరీ కొన్నది.

మూడో నెల కూటంలో ఏసమ్మ లేచి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, మా ఇరాన్ పిల్లలను నీ రెక్కల కింద దాసుకో. అవతలోల్ల తుపాకులల్ల మందు తడిసిపోయేటట్టు చెయ్యి."

అవతలివాళ్ళంటే ఎవరో విమలకు తెలియదా? ఆమేన్ దాకా ఆగకుండానే లేచింది. "ప్రభువా, మా మందు తడిస్తే తడవనీ. ముందుగాల వాళ్ళ ఫిరంగులు పలగ్గొట్టు."

"మాయి కాదు, ముందుగాల వీళ్ళయి, ప్రభువా!" అంది ఏసమ్మ.

"వద్దు ప్రభువా, ఆమె మాట ఇనకు!"

పాస్టరుగారు గబగబా కీర్తన ఎత్తుకున్నారు. ఆయన వెంట పాడింది మార్తమ్మ ఒక్కతే, ఆమెకు ఎవరితోనూ వైరం లేదు గనక.

కూటం ముగిశాక గడప దగ్గర రెండో విడత నడిచింది. "ప్రవక్తను సింహాల గుంటల ఏసినోల్లు మీరే గదానె! మీ దేశపోల్ల సంగతి నాకు ఎరుకలేదా?" అంది ఏసమ్మ. విమల బైబిలు తెరిచి అధ్యాయం చూపించింది. "ఎవల రాజ్యంల ఏసిండ్లో జర సదువు. మనుషులను ఏసిన అగ్నిగుండం మాది. ఒప్పుకుంట. సింహాలు మాత్రం మీవే." పాస్టరుగారి వైపు చూస్తే, ఆయన నేల చూపులు చూస్తూ, అది పారసీకుల రాజ్యం, సింహాలు ఇరాన్‌వే అన్నారు. అంత మందిలో ఏసమ్మకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు విమల గోడవతల నుంచి, "ఏసమ్మగారూ, మీ చీర మా వైపు పడ్డది, తీస్కపోండ్లి," అంది. తిట్టినా ఏసమ్మ ఓర్చుకునేదే. ఆ 'గారు'ను మాత్రం ఓర్చుకోలేకపోయింది. కూర గిన్నెల రాకపోకలు ఆ రోజుతో బందయ్యాయి.

ఇంకో చిక్కు, రేడియో ఉన్నది విమల ఇంట్లోనే. ఇన్నేళ్ళూ ఏసమ్మ గోడకు చెవి ఆనించే ఢిల్లీ వార్తలు వినేది. ఇప్పుడు సరిగ్గా వార్తల వేళకు అవతల రేడియో గుసగుసలకు దిగుతోంది. వార్తల కోసం ఏలియాను చౌరస్తా సెలూనుకు తరిమింది. అతను గడ్డం గీయించుకుని వచ్చి, "ఇరాన్ గెలుస్తాందట," అన్నాడు.

"ఏ ఊర్ల? ఎంత దూరం పోయిండ్లు?"

"అండ్లనే క్రికెట్ స్కోరు పెట్టిండ్లు, ఇంక నేను ఇనలే."

కూరగాయల సమ్మమ్మ రోజూ రెండిళ్ళకూ వస్తుంది. ఏసమ్మ గుమ్మంలో తట్ట దించి, "మీ ఇద్దరికి ఏమైందే అవ్వా? నల్లా కాడి పంచాయితా?" అని అడిగింది.

"నల్లా కాదు, ఇరాన్ ఇరాక్ పంచాయితి."

"ఆ ఊర్లు యాడున్నయి? తొర్రూరు అవతలనా?"

"సముద్రం అవతల."

"ఆడ నీకేమన్న భూములున్నయా?"

"లేవు."

సమ్మమ్మ ఆమె ముఖంలోకి చూసి, వంకాయలు తూచి ఇచ్చి పోయింది.

చివరికి పాస్టరుగారే రాయబారానికి వచ్చారు. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరో ఒకరు తమ దేశాన్ని మార్తమ్మకిచ్చి స్విట్జర్లాండ్ పుచ్చుకోండి, గొడవ ఉండదన్నారు. మార్తమ్మ చీటీ చేత్తో పట్టుకుని ఆశగా చూసింది. కానీ ఎనిమిది నెలలు సాకిన దేశాన్ని ఎవరిస్తారు? "పాలిచ్చి పెంచిన బిడ్డను మార్సుకోమన్నట్టున్నది అయ్యగారూ," అంది ఏసమ్మ. విమల కూడా సరిగ్గా ఆ మాటే అనబోయి, ఏసమ్మ అనేసింది కాబట్టి నోరు మూసుకుంది.

అప్పుడే యోబుకు డోర్నకల్ బదిలీ అయింది. ఎండాకాలం సెలవులు అయిపోయేలోగా, వచ్చే శనివారమే ప్రయాణం. ఆ కబురు ఏసమ్మకు సమ్మమ్మ తట్టతోపాటు వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో విమల ఇంటి కబురు మూడో మనిషి నోట వినడం అదే మొదలు.

ఆ వారమంతా అవతల పెట్టెలు ఈడ్చే చప్పుడు. చప్పుడైనప్పుడల్లా ఏసమ్మ చేతిలో పని ఆపి వినేది. విమల ముగ్గురు పిల్లలనూ పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది తను. తన తల్లి పోయినప్పుడు మూడు రోజులు వండి తెచ్చి ముద్దలు కలిపి పెట్టింది విమల. ఆ మనిషి శనివారం బండెక్కి పోతుంది, 'ఏసమ్మగారూ పోయొస్తం' అని పోతుంది, లేదా అది కూడా అనకుండా పోతుంది. ఒక్కసారి "అక్కా" అనిపించుకోవాలని ఏసమ్మ ప్రాణం కొట్టుకుంటోంది. తనే వెళ్ళి పలకరించవచ్చు కదా అని మీరనవచ్చు. రోజుకు నాలుగుసార్లు గోడ దాకా వెళ్ళింది కూడా. ఇరాన్ తలవంచినట్టవుతుందని నాలుగుసార్లూ వెనక్కి తిరిగింది.

గురువారం పొద్దున ఏలియా షెడ్డుకు పోయాడు. ఏసమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అవతల రేడియో పెద్దగా మోగింది. వార్తలు మొదలైనా దాని గొంతు తగ్గలేదు. సామాన్ల హడావుడిలో విమల మరచిపోయినట్టుంది. ఏసమ్మ చేట వదిలేసి గోడకు చెవి ఆనించింది.

ఇరాక్ సరిహద్దు పట్టణం ఒకదానిలో ఫిరంగి గుండ్లు పడ్డాయన్నాడు వార్తలాయన.

"స్తోత్రం ప్రభువా!" అంది ఏసమ్మ. ఆమె గొంతు సంగతి చెప్పానుగా. గోడకు ఆనుకున్న నోటితో, ఎప్పటిలా, పెద్దగా.

వార్తలాయన ఆగలేదు. గుండ్లు బజారు మీద పడ్డాయి. డెబ్బై మందికి పైగా పోయారు. ఎక్కువమంది సరుకులు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన పిల్లలు. శవాలను ఇంకా తీస్తూనే ఉన్నారు.

రేడియో ఆగిపోయింది. తర్వాత విమల ఏడుపు వినిపించింది. కోపంతో ఏడ్చే ఏడుపు ఏసమ్మకు తెలుసు, పంతంతో ఏడ్చేదీ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. అయినవాళ్ళు పోతే ఏడ్చే ఏడుపు.

ఏసమ్మ గోడ దగ్గరే కూలబడింది. పిల్లల చావుకు తను స్తోత్రం చెప్పింది. దేవుడికే చెప్పింది, ఇంకెవరికో కాదు. మోకరించి క్షమించమని అడగబోయి ఆగింది. స్తోత్రం అన్న నోరు ఇంకా తడారనే లేదాయె. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని ఇరాన్ తల్లులను తలుచుకుని కన్నీళ్ళు కార్చింది. గోడకు అటువైపు కూడా తల్లులుంటారని ఒక్కనాడూ తట్టలేదు. తనమీద తనకే అసహ్యం వేసి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత లేచి ముఖం కడుక్కుని పొయ్యి ముట్టించింది. ఆ క్షమాపణల సంగతి దేవుడితో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు చేయాల్సిన పని ఒకటుంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువాళ్ళే వండి తీసుకుపోవాలి. అన్నం వండింది, పప్పుచారు కాచింది. తాలింపు వేయబోయి, చావింటికి ఘుమఘుమలు ఏమిటని మానుకుంది. గిన్నెలు తట్టలో పెట్టి, పైన తెల్ల గుడ్డ కప్పి, గోడమీదుగా అందించకుండా, చావింటికి పోయినట్టే వీధి గుమ్మం లోంచి వెళ్ళింది.

కట్టిన పెట్టెల మధ్య విమల నేలమీద ఒక్కతే కూర్చుని ఉంది; పిల్లలు సెలవులకు అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. తట్టను చూసింది. తెల్లగుడ్డను చూసింది. ఇది ఎలాంటి ఇంటికి తెచ్చే అన్నమో ఆమెకు చెప్పనక్కరలేదు.

"నువ్వు అన్నది ఇన్న," అంది.

"ఇన్నవని ఎరుకే," అంది ఏసమ్మ. "అందుకే వచ్చిన. ఆళ్ళ మీద గుండ్లు పడ్డయంటే స్తోత్రం అన్ననే చెల్లె. గసొంటి మనిషినైన నేను. తిట్టు."

విమల తిట్టలేదు. తట్ట మీది తెల్లగుడ్డ అంచు సర్దింది.

"పోయిన నెల మీ దిక్కు ఒక రైలు మీద బాంబు పడ్డదన్నరు," అంది ముక్కు చీదుకుంటూ. "ఆ రోజు నేను పాయసం ఒండిన అక్కా. పిల్లలకు ఎందుకో చెప్పలే."

ఏసమ్మకు ఆ పాయసం వాసన గుర్తుంది. ఎవరి పుట్టినరోజో అనుకుని, పిలవలేదని ఏడ్చింది కూడా. ఇప్పుడు కోపం రావాలి, రాలేదు. అంత మాటలోనూ "అక్కా" అన్నదొక్కటే చెవిన పడింది. దగ్గరికి జరిగి విమల తల ఒళ్ళోకి లాక్కుంది.

గిన్నెలూ కంచాలూ అన్నీ పెట్టెల్లోకి పోయాయి, మిగిలింది ఒక్క కంచం. అందులోనే అన్నం కలిపి, ఏసమ్మ ఒక ముద్ద విమలకు పెడుతూ, ఒక ముద్ద తను తింటూ కూర్చుంది. ఉప్పు వేయలేదని ఇద్దరికీ తెలిసింది. ఎవరూ లేవలేదు.

ఆ పొద్దునే తొమ్మిదిన్నరకు యోబు గూడ్సు బండి దిగి, డ్యూటీ పెట్టె మోయించుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏడ్చి ఉబ్బిన రెండు ముఖాలు, తెల్లగుడ్డ, ఒకే కంచంలో అన్నం కనిపించాయి. అతని చెయ్యి దానంతటదే టోపీ తీసింది.

"ఎవలు పోయిండ్లు?"

"మస్తుమంది," అంది విమల.

"మస్తుమందా? ఏ బండే? యాడ పట్టాలు తప్పింది?" అన్నాడు యోబు.

"బండి కాదయ్యా."

"మరి? సక్కగ చెప్పుండ్లి. ఎవలోల్లు?"

విమల ఏసమ్మ వైపు చూసింది. ఏసమ్మ కంచం ఒక పక్కకు జరిపి, అతను కూర్చోవడానికి చోటు చేసింది.

"మనోల్లే, తమ్మీ," అంది. "కాళ్ళు కడుక్కోని రా."