ఆది జాకెట్ల పెట్టె

నేను ఒక రేకు పెట్టెను. మూరన్నర పొడవు, జానెడు ఎత్తు, ఒక పక్క సొట్ట. పది రోజులుగా నా మూత మీద ఒక తెల్లకాగితం అంటించి ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో ‘ఖాళీ’ అని రాసి ఉంది. రాసిన మనిషిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎందుకో చెబుతాను, మీరే న్యాయం చెప్పండి.

నన్ను పెద్దాపురంలో ఒక రేకు పనివాడు చేశాడు. ముందు ఒక కాంపౌండరు కొనుక్కుని పదిహేనేళ్ళు మందు సీసాలు దాచాడు. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. తర్వాత పాతసామాను కొట్లో పడి ఉంటే సామర్లకోట సత్యవేణి బేరమాడి తెచ్చుకుంది. ఆమె జాకెట్లు కుడుతుంది. రెండు గదుల ఇంట్లో కుట్టుమిషను కింద నా చోటు. ఇరవై రెండేళ్ళు ఎవరి జోలికీ పోకుండా అక్కడే ఉన్నాను.

నాలో ఉండేవి ఆది జాకెట్లు. వాడుకగా వచ్చే ఆడవాళ్ళు తమకు కుదిరిన పాత జాకెట్టొకటి కొలతకిచ్చి, అది ఆమె దగ్గరే వదిలేసేవారు. ఆది అంటే మామూలుగా పాతదే, కొత్తది ఒంటి మీద ఉంటుంది గనక. సత్యవేణి వాటి మీద పేర్లు రాసేది కాదు. మెడ దగ్గర ఒక రంగుదారం ముడి వేసేది. ఏ ముడి ఎవరిదో ఆమెకే తెలుసు.

వాటిలో ఒకటి కోరా గుడ్డది, తెల్లదారం ముడిది. అది అమ్మాజీది. ఆరేళ్ళ కిందట విశాఖలో ఆపరేషన్ చేసి అమ్మాజీకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ సంగతి బయట తెలిసింది సత్యవేణి ఒక్కదానికే. నాలుగుసార్లు కుట్టి, నాలుగుసార్లు విప్పి, ఎడమ పక్కన బూరుగు దూది పెట్టి, పైట సమంగా నిలిచేలా ఆ ఆది తయారుచేసింది. దాన్ని చూసి కుట్టినవి రెండే. రెండూ ఉతికి ఉతికి దూది ముద్దకట్టిపోయాయి. ఇప్పుడు అమ్మాజీ కూతురి పెళ్ళి వచ్చింది. వియ్యాలవారి ముందు కట్టుకోవడానికి పట్టుచీరా, జాకెట్టు గుడ్డా ఇచ్చి, “మళ్ళీ కొలతలు పెట్టకండి వదినగారూ, ఆది ఉంది కదా” అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ఇంతలో సత్యవేణి మొగుడు చక్రధరం రిటైరయ్యాడు. చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు స్టోర్‌కీపరు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఏడాదిగా ముట్టని వస్తువు పారేయాలట, మిగిలినవాటికి పేరు రాసి అంటించాలట, అప్పుడు మనసు తేలికవుతుందట. ఆయన మనసు తేలికవడానికి మా ప్రాణాల మీదికి వచ్చింది. పోపుడబ్బాకు చీటీ, సబ్బుల గూటికి చీటీ. అటక మీది చాట కూడా తప్పించుకోలేదు. సత్యవేణి ఊరుకుంది, ఏదో ఒక పని చేసుకుంటున్నాడు కదా అని.

ఆమె దారాలు కొనడానికి కాకినాడ వెళ్ళిన రోజున నన్ను వరండాలోకి లాగాడు. మూత తీసి, “అన్నీ చిరుగులే” అన్నాడు. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే మోపెడ్ మనిషిని పిలిచాడు. ఒరేయ్ మహానుభావా, ఒక్క ఫోన్ చేసి పెళ్ళాన్ని అడిగితే నీ సొమ్మేం పోయిందిరా? ముప్ఫై ఏళ్ళు సంతకం లేకుండా ఒక బోల్టు ఇవ్వని వాడివే!

మోపెడ్ వాడు ఒక్కొక్కటీ దులిపి చూశాడు. కోరా జాకెట్టు ఎత్తి పట్టుకుని, “ఇదేంటి సార్, ఒక పక్కే దూది కుక్కారు?” అని ఇకిలించాడు. చక్రధరం కూడా నవ్వాడు. నేను విన్నాను. ఆ నవ్వు నేను చచ్చినా మరవను. అన్నీ మూటగట్టి ఇచ్చి ఒక బేసిను పుచ్చుకుని, నా మూత మీద ‘ఖాళీ’ చీటీ అంటించాడు.

సాయంత్రం సత్యవేణి నా మూత ఎత్తింది. లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

“ఇందులోవి ఏవండీ?”

“పాత గుడ్డలేగా. ఇచ్చేశాను. బేసిను చూశావా, మందంగా ఉంది.”

“అవి నావి కావండీ. ఊళ్ళోవాళ్ళవి. అందులో అమ్మాజీగారి ఆది ఉంది.” అమ్మాజీ సంగతంతా అప్పుడే, మొదటిసారి, మొగుడికి చెప్పింది. చెప్పడం అయ్యేసరికి అతని ముఖంలో నెత్తురు లేదు. బేసిను ఆమె వీధిలోకి విసిరేసింది.

అతను రెండు రోజులు సైకిలు మీద ఊరంతా తిరిగి మోపెడ్ వాణ్ణి పట్టుకున్నాడు. మూట అప్పటికే ఒక మెకానిక్ షెడ్డుకు చేరి, చింపి, ఇంజన్లు తుడిచే పీలికలైపోయింది. అమ్మాజీ గుట్టుతో లారీల జిడ్డు తుడిచారన్నమాట.

మూడో రోజు అమ్మాజీ వచ్చింది. సత్యవేణి దాచకుండా చెప్పేసింది, చెబుతూ ఏడ్చింది. అమ్మాజీ తెల్లబోయింది. తర్వాత లేచి తలుపు వేసింది. “ఏం చేస్తాం వదినగారూ. కొలవండి” అంటూ పైట తీసింది. సత్యవేణి కళ్ళు తుడుచుకుని టేపు అందుకుంది. ఆరేళ్ళుగా ఎవరూ చూడని ఆ మచ్చ మీద మళ్ళీ టేపు పడింది. చూడకూడదని నేను మిషను నీడలో ఇంకా లోపలికి ఒదిగాను.

పైట సర్దుకుని తలుపు తీసినప్పుడు చక్రధరం వరండాలో తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాజీ గడపలో ఆగింది.

“అన్నయ్యగారూ, దాన్ని ఎవరైనా విప్పి చూశారా?”

“లేదమ్మా. మూట విప్పలేదు. కట్టింది కట్టినట్టే ఇచ్చేశాను.”

అబద్ధం. పచ్చి అబద్ధం. అమ్మాజీ మాత్రం అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలి, చెప్పులేసుకుని, “పెళ్ళికి ఇద్దరూ రావాలి” అని వెళ్ళిపోయింది. ఈ మనిషి నవ్విన సంగతి ఎలాగైనా బయటపడాలని పళ్ళు నూరుతూ కూర్చున్న నేను, ఇప్పుడది అమ్మాజీ కోసం ఏనాటికీ బయటపడకూడదని కోరుకోవలసి వస్తోంది. నా కోపమంతా దానికే.