కింద కారులో ఉన్నాయన

సౌదీలోని యాన్బులో, మా ఇంట్లో జరిగే శుక్రవారం ప్రార్థన సహవాసానికి బైబిలు కన్నా ముందు కేకు రావాలి. ఇక్కడ మా ప్రార్థనలు బయటపడితే జైలే కనక, ఎవరైనా తలుపు తడితే బైబిళ్ళు బియ్యం బస్తా వెనక్కి పోతాయి, కేకు బల్లమీదికి వస్తుంది, అందరం పుట్టినరోజు పాట ఎత్తుకుంటాం. ఆ కేకు తెచ్చేది మా ఆయన రత్నరాజు. తెచ్చి నా చేతికిచ్చి, తను మాత్రం పైకి రాడు. కింద కారులో కూర్చుని, ఎవరైనా మెట్లెక్కుతుంటే నాకు మిస్డ్ కాల్ ఇస్తాడు.

ఒకప్పుడు సహవాసంలో పాటలు పాడించింది ఆయనే. ఏడో నెలలో మా బిడ్డ కడుపులోనే పోయాక, తనకిక దేవుడు లేడంటూ బైబిలు మూసేశాడు. అప్పట్నుంచి అందరం ఆయన పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నాం. నాకున్న ధైర్యమల్లా అదే.

మొన్న శుక్రవారం యిర్మీయా అన్నయ్య దానికీ ఎసరు పెట్టాడు. ఆయన రిఫైనరీలో ఇంజినీరు, మా సహవాసానికి పెద్ద. విశ్వాసం విడిచి తప్పిపోయినవాడికి ఇక రక్షణ లేదన్నాడు. నాతోపాటు ఆస్పత్రిలో పనిచేసే వీణ ఒప్పుకోలేదు, దేవుడు ఒకసారి పట్టుకున్న చెయ్యి వదలడంది. అయితే రత్నరాజు అసలెప్పుడూ నమ్మనేలేదన్నమాట అని తేల్చేశాడు అన్నయ్య. నాకు ఒళ్ళు మండింది. నమ్మనివాడేనా, భయపడుతుంటే ధైర్యం చెప్పి నన్ను బాప్తిస్మానికి కాలవలోకి దింపింది?

"అతని కోసం ఇక అడగొద్దు చెల్లెమ్మా. ఈ వారం నుంచి ప్రార్థనలో ఆ పేరు వద్దు," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఫోను మోగి ఆగింది.

బైబిళ్ళు వెనక్కి, కేకు ముందుకి. అందరికన్నా గట్టిగా పాడింది అన్నయ్యే. వచ్చింది బిల్డింగు చూసుకునే ఖయ్యూమ్. మా ఏసీ నీళ్ళు కింది ఇంట్లోకి కారుతున్నాయట. కేకు ముక్క తిని, ఈ ఇంట్లో ప్రతి జుమ్మాకీ ఎవరో ఒకరు పుడతారేమిటని హిందీలో నవ్వి వెళ్ళిపోయాడు.

అన్నయ్య చెమట తుడుచుకుని, మనల్ని కాపాడిన దేవునికి స్తోత్రం చెబుదామన్నాడు. కింద కాపలా ఉన్న మనిషి పేరు కూడా కలపమని అడిగాను. అది వేరు, ఇది వేరన్నాడు. ఇక కూర్చోలేక, కేకు ముక్కొకటి పళ్ళెంలో పెట్టుకుని దిగిపోయాను.

మా ఆయన పళ్ళెం అందుకున్నాడు కానీ తినలేదు. ఎటో చూస్తూ అడిగాడు.

"ఇవాళ నా కోసం ప్రార్థన చేశారా?"

ప్రతి వారం అడిగేదే. భోంచేశావా అన్నంత మామూలుగా అడుగుతాడు, నేనూ చేశామని చెప్పి ఊరుకుంటాను. దేవుడు లేడనే మనిషికి ఆ సంగతెందుకో ఇన్నాళ్ళూ నాకు తట్టనేలేదు.

"లేదండీ. వద్దన్నారు."

బిడ్డ పోయిందని డాక్టరు చెప్పిన రోజున చూశాను ఆ మొహం. మళ్ళీ ఇప్పుడు చూశాను.

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఫోను చేసి యిర్మీయా అన్నయ్యని కిందికి పిలిచాను. పైకి వెళ్దాం రమ్మంటే మా ఆయన కదల్లేదు. తనకిప్పుడు ఆ ప్రార్థన మాటలేవీ రావన్నాడు. నేనే కారెక్కి పక్క సీట్లో కూర్చున్నాను. అన్నయ్య వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మా ఆయన కోసం ప్రార్థన చేసుకోవాలన్నయ్యా. ఎవరూ రాకుండా కాస్త చూడండి."

అన్నయ్య వంగి మా ఆయన మొహం చూశాడు. మాకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.