బిళ్ళ మీద చుట్టిన సైకిల్ ట్యూబు

బషీర్ కోపం కొల్లాపూర్ కింది రేవులో అందరికీ అలవాటే. కానీ ఆ పొద్దున అతనికి నిజంగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

అంత కోపానికి కారణం జానెడు సైకిల్ ట్యూబు ముక్క. పడవ వెనక బిగించిన ఇంజనుకు ఎర్రటి తాడు ఒకటి ఉంటుంది. ఒక కొసన చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, అది ఇంజను బొత్తాం కింద దూరి ఉంటుంది. రెండో కొస నడిపేవాడి మణికట్టుకు కట్టుకోవాలి. మనిషి నీళ్ళలో పడ్డాడా, తాడు గుంజుకుని బిళ్ళ ఊడుతుంది, ఇంజను ఆగిపోతుంది. ఏడేళ్ళుగా ఆ తాడు కట్టుకోనిదే బషీర్ ఇంజను ముట్టలేదు. ఇప్పుడు చూస్తే ఏముంది! తాడు కోసేసి, బిళ్ళ ఊడకుండా దాని మీద ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టి బిగించారు.

"ఎవడు చేసిండు గీ పని?"

"నేనే చేయించిన," అన్నాడు పడవ యజమాని లింగస్వామి, ఒడ్డున వేపపుల్ల నములుతూ. "నువ్వు జర లేస్తె ఇంజన్ బందైతాంది. మల్ల పదిసార్లు స్టార్టర్ తాడు గుంజాలె. ఆడోళ్ళు అవతలి చేన్లకు పోయేసరికి పొద్దెక్కుతాంది."

"బందైతేనే మనిషి బతుకుతడు! తలకాయ ఉన్నదా నీకు?"

"ఉన్నది కాబట్టే పడవ నాది, నౌకరి నీది."

బషీర్ పడవలోంచి ఒక్క దూకు దూకాడు. "అయితే నువ్వే నడుపుకో పో!"

లింగస్వామి తన బావమరిది గుర్వయ్యను పిలిచాడు. గుర్వయ్య బావి మీది మోటరు తప్ప ఇంకో ఇంజను ముట్టి ఎరగడు. పిలవడమే ఆలస్యం, లుంగీ ఎగ్గట్టి ఎక్కేశాడు.

పడవలో మిరపకాయలు ఏరబోయే ఆడవాళ్ళు పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ళలో బషీర్ భార్య అజీజా బేగం ఒకతి.

"దిగుండ్రి అందరు!" అని అరిచాడు బషీర్.

"ఎందుకన్నా?" అంది రామమ్మ.

"దిగుమంటె దిగాలె! సావనీకి పోతున్నరా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. బషీర్‌కు ఇంకా మండింది. "అజీజా, నువ్వన్న దిగు!"

"నీ కోపం నీ తాన్నే పెట్టుకో. నేను పనికి పోవాలె," అంది ఆమె ఉర్దూలో.

"పోండ్రి! పోయి మునుగుండ్రి!"

గుర్వయ్య గెడతో పడవను ముప్పై అడుగులు లోపలికి తోసి ఇంజను దగ్గరికి వచ్చాడు. గేరు మధ్యలో పెట్టి, కూర్చుని స్టార్ట్ చేయాలి. వీడి గేరు ముందుకే ఉంది, పడవను మళ్ళించే, వేగం పెంచే పిడి సగం తిప్పే ఉంది, పైగా నిలబడ్డాడు. బషీర్ అంతా చూశాడు. చూసి కూడా, కానీయ్, వాడికే తెలిసొస్తుంది అనుకుని చేతులు కట్టుకున్నాడు.

స్టార్టరు తాడు మూడో గుంజుకు ఇంజను అందుకుంది. పడవ ఎగిరి దూకింది, గుర్వయ్య వెనక్కి నీళ్ళలో పడ్డాడు. పట్టుకునే చెయ్యి లేక పిడి ఒక పక్కకు వాలింది. పడవ గిర్రున చుట్టు తిరిగి, అయ్యో, సరిగ్గా గుర్వయ్య మీదికే వచ్చింది! అతను మునిగి తప్పించుకున్నాడు. పడవ మళ్ళీ తిరిగింది. ఈదుకుంటూ పోయి దాన్ని పట్టుకోవడం ఎవడి తరం?

ఆడవాళ్ళ మీదుగా పాకుతూ అజీజా ఇంజను దగ్గరికి చేరింది. బొత్తాన్ని కప్పేసిన ట్యూబును పీకింది, రాలేదు. ఒడ్డు వైపు చూసింది. బషీర్ గొంతు చించుకున్నాడు గానీ ఆ మోతలో వినబడితే కదా! సైగ చేద్దామంటే, ఎదురుగా నిలబడి తిప్పి చూపిస్తే కుడి ఎడమవుతుంది, వేగం తగ్గే బదులు పెరుగుతుంది. అందుకని అతను నదికి వీపు పెట్టి నిలబడ్డాడు. చెయ్యి పక్కకు చాపి, పిడికిలి బిగించి మెల్లగా తిప్పాడు. తర్వాత గేరును మధ్యకు లాగినట్టు చూపించాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ లాగాడు. ఆమె చూస్తోందో లేదో తెలియదు. వెనక ఎవరిదో కేక వినబడింది. చచ్చినా తిరిగి చూడలేదు.

ఇంజను మోత తగ్గింది. ఇంకా తగ్గింది. అప్పుడు తిరిగాడు.

పడవ నీళ్ళ మీద ఊగుతూ నిలబడి ఉంది. గుర్వయ్యను జబ్బలు పట్టి పైకి లాగుతున్నారు. ఇంజను రెక్క తగిలి అతని పిక్క ఎముక దాకా తెగింది. ఒడ్డుకు రాగానే నలుగురు మోసుకుని దవాఖానకు పరుగెత్తారు.

బషీర్ లింగస్వామి గల్లా పట్టాడు. "సూస్తివా! సూస్తివా నీ ట్యూబు ఏం చేసిందో!"

"ఇడువు ఆయన్ని," అంది అజీజా. ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడని మనిషి, అందరూ వినాలనే తెలుగులో అంది.

"ఆయన తప్పు ఆయనదే. గా తాడు ఎందుకో ఆయనకు తెల్వది, గుర్వయ్యకు తెల్వది, మాకు తెల్వది. ఎందుకు దిగాలె అని రామమ్మ అడిగింది గద! ఒక్క మాట చెప్పినవా? మునుగుండ్రి అంటివి. తెలిసినోనివి నువ్వొక్కనివే ఉంటివి. ఒడ్డు మీద చేతులు కట్టుకోని సూస్తివి."

బషీర్ అరవబోయాడు. లింగస్వామి గల్లా చేతిలోంచి జారింది. పొద్దుటి నుంచి నోటినిండా ఉన్న తిట్లు తినాల్సిన మనిషి ఇక తనే మిగిలాడు.