ఉదయం ఆటకు తొమ్మిదో రేవు

ఆబిడ్స్‌లో ఆ పాత సినిమా హాలు గేటు పదింటికి తీస్తారు. పూలమ్మ మెట్లు ఊడ్చి నీళ్లు చల్లే వేళకి వనిత టికెట్ల గదిలో కూర్చుని కిటికీ చెక్క పైకెత్తేది. ఆరేళ్ల కిందట గొంతులో గడ్డకి దవాఖానలో ఆపరేషన్ చేశాక ఆమెకి మాట పోయింది. అప్పట్నించీ ఏం చెప్పాలన్నా తల పైన తెల్లటి బుడగ ఒకటి లేచి, అందులో నల్లటి అక్షరాలు పడేవి. "బాల్కనీ అయిపోయింది, కింద ఉన్నయి" అని బుడగలో చదువుకుని జనం కింది టికెట్లు కొనుక్కునేవాళ్లు. కోపమొస్తే బుడగ అంచులకి పల్లేరుకాయలాగా ముళ్లు మొలిచేవి. ఆ ముళ్లు చూసి ఆటోవాళ్లు బేరం ఆపేసేవాళ్లు. ఎండాకాలం ఫ్యాను గాలికి బుడగ పక్కకి కొట్టుకుపోతుంటే లైన్లో వెనకున్నవాళ్లు మెడలు వంచి చదివేవాళ్లు. అంతకు మించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

వనితకి నలభై రెండేళ్లు. తండ్రి బిచ్చయ్య నల్గొండ వైపు నుంచి కూలికి వచ్చి నాంపల్లిలో ఉండిపోయాడు. ఇంటర్ దాకా చదివించాడు. మాట పోయిన కొత్తలో ఆమె మనుషుల్ని తప్పించుకుని తిరిగేది. అలా ఒక ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తిరుగుతుంటే జపాన్ బొమ్మల పుస్తకం ఒకటి చేతికి తగిలింది. పేరు 'తొమ్మిదో రేవు'. యాభై ఏళ్ల కిందట గీసిన కథ, ఇంగ్లీషులోకి వచ్చింది, మొత్తం పద్దెనిమిది భాగాలు. ఒసునే అనే ఆవిడ ఏటి మీద పడవ నడుపుతుంది. అవతలి ఊళ్లు తగలబెట్టడానికి రాజుగారి సైన్యం రేవుకి వస్తే, వాళ్లని దాటించనని మొండికేస్తుంది. ఆ పుస్తకంలో మనుషులందరూ బుడగల్లోనే మాట్లాడుకుంటున్నారు. వనిత అక్కడే చెప్పులు విప్పి కూర్చుని సగం చదివేసింది.

మిగతా భాగాలు దొరకబుచ్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ వెతుకులాటలోనే దుర్గేష్ పరిచయమయ్యాడు. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఏడో భాగం మీద ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. "ముందు మీరు చదవండక్కా. కాని వచ్చే ఆదివారం నాకివ్వాలి" అని వదిలేశాడు. అతని వెంట ఇంకొకరు, వాళ్ల వెంట మరొకరు. చివరికి ప్రతి ఆదివారం స్టేషన్ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో పదిహేను ఇరవై మంది పోగయ్యేవాళ్లు. వనిత పుస్తకం బల్ల మీద తెరిచి ఒక్కో పేజీ తెలుగులో చెప్పేది. బుడగలు వరసగా లేచి సీలింగు దాకా వెళ్లి కరిగిపోయేవి. పూలమ్మకి చదువు రాదు. దుర్గేష్ పక్కన కూర్చుని ఆమె కోసం పైకి చదివేవాడు. ఒకసారి విన్న మాట పూలమ్మ మర్చిపోయేది కాదు.

"ఒసునే మనసొంటిదే," అనేది సాసర్లో చాయ్ ఊదుకుంటూ. "జపాన్ల పుట్టింది గంతే."

ఆ ఏడాది వానలు తగ్గే రోజుల్లో 'తొమ్మిదో రేవు' సినిమాగా వచ్చింది. ఊరికి ఆ చివరనున్న మాల్స్‌లో వేశారు. మాటలు జపాన్‌వి, కింద ఇంగ్లీషు అక్షరాలు. దుర్గేష్ వెళ్లి చూసి రావచ్చు, కాని వెళ్లలేదు. "చూస్తే అందరం చూద్దాం" అన్నాడు. మర్నాడు పదిమంది కలిసి వనిత పని చేసే హాలు మేనేజరు గదిలోకి వెళ్లారు.

మేనేజరు రాధాకృష్ణమూర్తి వాళ్ల తాతగారు గవర్నమెంటు ఉద్యోగంతో గుంటూరు నుంచి కర్నూలుకీ, అక్కణ్ణించి యాభై ఆరులో హైదరాబాదుకీ వచ్చారు. మూర్తిగారు ముప్ఫై ఏళ్లుగా ఈ హాల్లోనే పని చేస్తున్నాడు. మెత్తని మనిషి. ఓనరు ఏమన్నా "సరేనండి", సినిమాలిచ్చే ఆఫీసువాళ్లు ఏమన్నా "సరేనండి".

"జపాను సినిమాకి మన దగ్గర ఎవరొస్తారు వనితమ్మా?" అన్నాడు.

"ముందే టికెట్లు అమ్మి సూపిస్తం సార్. ఆదివారం పొద్దుగాల ఒక్క ఆట ఇయ్యుండ్రి," అని బుడగ లేచింది.

మూర్తిగారు కళ్లజోడు సర్దుకుని చదివి, "సరేనండి" అన్నాడు.

వారం రోజుల్లో హాలు నిండిపోయింది. స్టేషన్ కూలీలు, చాదర్‌ఘాట్ మెకానిక్కులు, కోఠిలో పాత పుస్తకాలమ్మేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు అందరూ టికెట్లు తీసుకున్నారు. ఆ సంగతి విని సినిమా ఇచ్చిన ఆఫీసు నుంచి రవిచంద్ర అనే ఆయన శనివారం మధ్యాహ్నం స్వయంగా వచ్చాడు. రెండు ఆదివారాలకి కాగితం రాసుకున్నాక, వరండాలో నిలబడి పెదవి విరిచాడు.

"ఇంగ్లీషు అక్షరాలు వీళ్లెవరు చదువుతారండీ? సగంలో లేచిపోతారు."

"ముందు వరసల నేను కూసుంట. తెలుగుల నేను చెప్త," అంది వనిత బుడగ.

రవిచంద్ర ఒకసారి దాని కొలత చూసుకున్నాడు. "చెప్పు. కాని ఈ యాసలో కాదు. 'మిమ్ములను దాటించలేను ప్రభూ', ఇలా ఉండాలి. సినిమా భాష."

బుడగకి ముళ్లు మొలిచాయి. "ఒసునే పడవ దోసే మనిషి. ప్రభూ గిభూ అనది. నా లెక్కనే మాట్లాడ్తది."

ముల్లు తగలకుండా ఆయన ఒక మెట్టు కిందికి దిగాడు. "మాట్లాడనీ. కాని తెర మీద ఏముంటే అదే రావాలి. ఒక్క మాట మారినా ఊరుకోను. అంతే కదా మూర్తిగారూ?"

"సరేనండి," అన్నాడు మూర్తిగారు. వనిత కూడా తలూపింది.

ఆదివారం ఆట మొదలైంది. వనిత ముందు వరసలో మధ్య సీట్లో కూర్చుంది. తెర మీద ఒసునే నోరు తెరవగానే వనిత తల మీంచి బుడగ లేచి తెర అంచున నిలబడేది. చదువొచ్చినవాళ్లు రానివాళ్లకి చెప్తుంటే హాలంతా సన్నటి రొద. ఏటి మీద మంచు పడుతోంది. పడవలో ఒసునే గడకర్ర పట్టుకుని, "సలికి సేతులు కొంకర్లు వోతున్నయి గని, నీకైతే భయపడ" అంటే కూలీలు ఈలలు వేశారు. వనితకి తన గొంతు తనకి తిరిగొచ్చినట్టుంది. ఇన్నేళ్లుగా ఒంటరిగా తన మనసులో తిరిగిన మనిషి ఇవాళ ఇంతమంది ముందు నడుస్తోంది.

చివరికి రేవు ఘట్టం వచ్చింది. సేనాపతి కత్తి దూసి పడవలోకి అడుగు పెట్టాడు. పుస్తకంలో అయితే ఒసునే కదలదు. సినిమాలో గడకర్ర జారవిడిచి మోకాళ్ల మీద కూలబడింది. తల పడవ అడుగుకి ఆనించింది. 'క్షమించండి ప్రభూ, తప్పు నాదే' అని కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

వనిత ఆ అక్షరాలు చదివింది. ఉన్నదే చెప్పాలి, ఒప్పుకుంది. చెప్పాలనే అనుకుంది. బుడగ లేచింది, కాని అందులో ఒక్క అక్షరం పడలేదు. మళ్లీ ప్రయత్నించింది. మనసొప్పని మాట ఆ బుడగలోకి ఏనాడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఖాళీ బుడగ ఉబ్బుతూ ఉబ్బుతూ వెళ్లి మోకాళ్ల మీదున్న ఒసునేని తల నుంచి పాదాల దాకా కప్పేసింది. తెర మీద అంత మేరా తెల్లగా ఉండిపోయింది.

హాల్లో రొద ఆగిపోయింది.

"ఏం రాసింది బిడ్డా?" అని పూలమ్మ అడిగింది.

"ఏం రాయలేదు పూలమ్మా. ఖాళీగా ఉంది," అన్నాడు దుర్గేష్.

"మరి గామె ఎందుకు మొక్కింది?"

"సినిమావాళ్లు మార్చేశారు."

పూలమ్మ ముందు సీటు పట్టుకుని లేచి నిలబడింది. చేలో అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచే గొంతుతో, "పడవ నాది," అంది. "ఏరు ఎవ్వలది గాదు. దిగు."

పుస్తకంలో ఆ చోట ఒసునే అన్న మాటలే అవి. దుర్గేష్ లేచాడు. చాయ్ హోటల్ బల్లల చుట్టూ కూర్చునేవాళ్లంతా లేచారు. వాళ్లని చూసి కూలీలు లేచారు. పడవ నాది, ఏరు ఎవ్వలది గాదు, దిగు. తెర మీద సంగీతం ఏదో మోగుతూనే ఉంది, దాన్ని విన్నవాళ్లు లేరు. వనిత మాత్రం కూర్చునే ఉంది. కళ్ల నీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

జనం బయటికి పోతుండగా రవిచంద్ర వరండాలో మూర్తిగారిని పట్టుకున్నాడు. "బొమ్మ మీద బుడగ పెట్టి సినిమా పాడు చేసింది. తప్పయిందని అందరి ముందూ చెప్పమనండి."

వనిత టికెట్ల గది గుమ్మంలో నిలబడి ఉంది. బుడగకి ముళ్లేమీ లేవు. "చెప్ప," అని ఒక్క మాటే ఉంది.

"అయితే ఇవాళే ఈమెని తీసెయ్యండి. లేకపోతే పండక్కి మా దగ్గర్నించి ఒక్క సినిమా కూడా ఈ హాలుకి రాదు."

పండగ సినిమా రాకపోతే హాలు ఎలా నడుస్తుందో మూర్తిగారికి అందరికంటే బాగా తెలుసు. అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. దగ్గి, మళ్లీ తెరిచాడు. ఆయన బట్టతల మీంచి నిమ్మకాయంత బుడగ ఒకటి లేచి, చూస్తుండగానే పెద్దదై, అందులో గుండ్రటి అక్షరాలు పడ్డాయి.

"తియ్యనండి."

రవిచంద్ర చదివాడు. ఇంకోసారి చదివాడు. మూర్తిగారు కూడా తలెత్తి, తన పేరున వచ్చిన ఉత్తరం చదువుకున్నట్టు నిదానంగా చదువుకున్నాడు. రవిచంద్ర బ్యాగు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అన్నట్టే పండక్కి కొత్త సినిమా ఇవ్వలేదు. పాతవి వేసుకుని నెట్టుకొచ్చారు. కాగితం రాసుకున్నారు కనక రెండో ఆదివారం కూడా 'తొమ్మిదో రేవు' ఆడింది. చోటు చాలక మెట్ల మీద కూర్చున్నారు. రేవు ఘట్టం దగ్గర ఖాళీ బుడగ తెరని కప్పగానే, పూలమ్మ మొదలుపెట్టకముందే హాలు అందుకుంది.

మూర్తిగారికి ఆ మొదటి రోజు సాయంత్రానికే గొంతు తిరిగొచ్చింది. మాటలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. పండగ వెళ్లాక ఓనరు ఖైరతాబాద్ నుంచి ఫోన్ చేసి, టికెట్ల గదిలో ఆ అమ్మాయి బదులు మెషీన్ పెట్టేద్దాం అన్నాడు. మూర్తిగారు ఆ ఒక్క మాట కోసం గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు ప్రయత్నించాడు. అది రాలేదు. అవతల ఓనరు హలో హలో అంటున్నాడు.

"వనిత ఉంటుందండి," అన్నాడు మూర్తిగారు, నోటితోనే.